నా ఎడమ భుజానికి ఒక రైఫిల్

ఆపరేషన్ థియేటర్ పక్కనున్న టీ గదిలో నిలబడి బిస్కెట్ ముంచుకు తింటున్నాను. ఫోన్ మోగింది. తుపాకుల దుకాణం యజమాని.

"డాక్, మీ రైఫిల్ దిగింది. పెట్టె ఇంకా విప్పలేదు. మీరొచ్చాకే విప్పుదామని ఉంచాను" అన్నాడు.

థాంక్యూ అన్నానో లేదో గుర్తు లేదు. చేతిలో సగం బిస్కెట్ కప్పులో మునిగిపోయింది. ఎదురుగా కూర్చున్న థియేటర్ నర్సు నా మొహం చూసి, "ఏమైంది? ఇంట్లో అందరూ బానే ఉన్నారా?" అని కంగారుగా అడిగింది.

"నాది వచ్చేసింది!" అన్నాను.

అంతకు మించి చెప్పనక్కర్లేకపోయింది. ఆమె కుర్చీలోంచి లేచి నన్ను గట్టిగా వాటేసుకుంది. ఈ పిచ్చి నాకు అంటించింది ఆమే మరి.

నేను మత్తు డాక్టర్ని. యాభై రెండేళ్లు. సిడ్నీ వచ్చి ఇరవై నాలుగేళ్లయింది. కెల్లీవిల్‌లో ఇల్లు. మా ఆయన ఫైనాన్స్ ఉద్యోగి. ఒక్కతే అమ్మాయి, యూనివర్సిటీలో రెండో సంవత్సరం. ఇరవై నాలుగేళ్లుగా ఇతరుల ఊపిరి లెక్కపెట్టడమే నా పని. నా ఊపిరి సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆటలు లేవు, వ్యాయామం లేదు. శనివారాలు ఎవరో ఒకరింట్లో భోజనాలు, ఆదివారాలు బట్టలు ఉతుక్కోవడం.

కిందటి ఏడాది ఆ నర్సు తన షూటింగ్ క్లబ్బులో కొత్తవాళ్లను రానిచ్చే రోజు ఉందని, సరదాగా రమ్మని పిలిచింది. "నాకు గురి కుదరదు. చిన్నప్పుడే తేలిపోయింది" అన్నాను. అయినా ఆ శనివారం ఎవరింట్లోనూ భోజనాలు లేవు కాబట్టి వెళ్లాను.

తేలిపోయిందని ఎందుకన్నానో చెప్పాలి. గుంటూరులో ఇంటర్ చదివేటప్పుడు నేను కేడెట్‌ని. క్యాంపులో ఒక రోజు మా అందరితో చిన్న రైఫిల్ పేల్పించారు. నేల మీద గోనెపట్టా పరిచి, బోర్లా పడుకోమన్నారు. నేను రైఫిల్‌ని ఎడమ భుజానికి ఆనించుకున్నాను. హవల్దారు గారు బూటుతో నా మోచేతిని తట్టి, "బాయే నహీ, దాయే!" అని అరిచారు, ఎడమ కాదు కుడి అని. నాకు అలవాటైన అరుపే అది. నాది పుర్రచెయ్యి. ఆ చేత్తో అన్నం తింటే మా నాయనమ్మ గరిటె తిరగేసి వేళ్ల మీద కొట్టేది. బళ్లో ఆ చేత్తో బలపం పట్టుకుంటే పంతులుగారు కొట్టేవారు. అలా తినడం, రాయడం కుడిచేతికి వచ్చేశాయి. ఆ రోజు రైఫిల్ కూడా కుడిచేతికే మార్చుకున్నాను. అయిదు తూటాలు కాల్చాను. ఒక్కటీ కాగితానికి తగల్లేదు. వెనక నించున్న అమ్మాయిలు నవ్వారు. హవల్దారు గారు నా పేరు పక్కన ఏదో రాసుకుని తర్వాతి అమ్మాయిని పిలిచారు. కానీ ఆ తుపాకిమందు వాసన, భుజానికి తగిలిన ఆ చిన్న తోపు నాకెంత నచ్చాయో ఎవరికీ చెప్పుకోలేదు. సున్నా కొట్టిన మనిషి నచ్చిందని చెప్పుకుంటే నవ్వరూ!

సిడ్నీ క్లబ్బులో కొత్తవాళ్లకు నేర్పేది ఎనభై దాటిన ఒకావిడ. పల్లె పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారట. సన్నగా, ఎండకు కాలిన చర్మంతో ఎండుమిరపకాయలా ఉంటారు. మన అలవాటు కొద్దీ ఆవిడను ఆంటీ అన్నాను. ఒక క్షణం తేరిపార చూసి, "నన్నెవరూ ఆంటీ అని యాభై ఏళ్లయింది. అలాగే పిలువు" అన్నారు.

ఆవిడ రైఫిల్ చేతికివ్వలేదు ముందు. రెండు అరచేతులూ కలిపి మధ్యలో చిన్న కిటికీ చేసి, అందులోంచి దూరంగా ఉన్న ఎర్రజెండాను చూడమన్నారు. చూశాను. ఎడమ కన్ను మూయమన్నారు. మూశాను. జెండా మాయమైంది. కుడి కన్ను మూయమన్నారు. జెండా అక్కడే రెపరెపలాడుతోంది.

"నీ గురి కన్ను ఎడమది, లవ్." అందర్నీ లవ్ అనే పిలుస్తారు ఆవిడ. "ఏ చేత్తో రాస్తావు?"

"కుడి."

"సూది ఏ చేత్తో గుచ్చుతావు?"

ఆవిడకెలా తెలుసు? పేషెంట్ నరంలోకి సూది ఎప్పుడూ ఎడమ చేత్తోనే ఎక్కిస్తాను. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు కుడిచేత్తో రెండుసార్లు తప్పి, ఎవరూ చూడకుండా చెయ్యి మార్చుకున్నాను. ఆ రోజు నుంచీ మళ్లీ మార్చలేదు.

"అయితే నీకు గురి లేదని ఎవరన్నారో వాళ్లకు బుద్ధి లేదు" అని తేల్చేశారు ఆంటీ.

ఆ మధ్యాహ్నం క్లబ్బు రైఫిల్‌తో ఎడమవైపు నుంచి కాల్చాను. అది కుడిచేతి వాళ్ల కోసం చేసింది. తలుపు గడియలాంటి బోల్టు ఒకటి కుడివైపు ఉంటుంది. ఒక్కో తూటాకూ దాన్ని ఎత్తి, వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తొయ్యాలి. ఎడమ భుజం నుంచి పేల్చేవాళ్లు ప్రతిసారీ చెయ్యి రైఫిల్ మీదుగా దాటించి ఆ గడియ తీయాలి. పక్కింటి తలుపు మనింట్లో నిలబడి తీసినట్టుంటుంది. అయినా పదింట్లో ఏడు తూటాలు కాగితం మీద పడ్డాయి. ఏడు! ఆ కార్డు మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని, ఇంటికొచ్చి మా ఆయన ముందు పరిచాను.

మా ఆయన దీపావళికి కాకరపువ్వొత్తి కూడా చెయ్యి బారెడు చాచి, మొహం పక్కకు తిప్పి వెలిగించే మనిషి.

"బాగుంది. సరదాగా వెళ్లొచ్చావు. అయిపోయింది కదా?" అన్నారు.

"అవలేదండీ. లైసెన్స్ తీసుకుంటాను. సొంత రైఫిల్ కొనుక్కుంటాను."

ఆయన టీవీ ఆపేశారు. "ఏమోయ్, ఇంట్లో తుపాకీయా? మతుండే మాట్లాడుతున్నావా? చాకు సింకులో వదిలేస్తేనే నాకు నిద్ర పట్టదు. గవర్నమెంటాసుపత్రిలో తుపాకీ దెబ్బ తగిలినాయనకు మత్తిచ్చి, వారం రోజులు అన్నం తిన్లేదని నువ్వే కదా చెప్పావు?"

నిజమే. తూటా మనిషి ఒంట్లో ఏం చేస్తుందో నాకు పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. అందుకే ఆయనతో వాదించలేదు. "నేను కాగితం తప్ప దేన్నీ కొట్టనండీ. అది ఎప్పుడూ తాళంలోనే ఉంటుంది. మీకు ఏ రోజు వద్దనిపిస్తే ఆ రోజు తిరిగిచ్చేస్తాను" అన్నాను.

అమ్మాయి మెట్ల మీంచి అంతా వింటోంది. "మామ్, ఆర్ యూ సీరియస్? దట్స్ సో కూల్!" అంది.

"నువ్వూరుకో" అన్నారు ఆయన. రెండు రోజులు ముభావంగా తిరిగి, మూడో రోజు పొద్దున కాఫీ కలుపుతూ తనే ఆ మాట ఎత్తారు. "ఒక్క షరతు. తాళంచెవి ఎక్కడ పెడతావో నాకు తెలియకూడదు. అమ్మాయికీ తెలియకూడదు."

"ఇక్కడి చట్టం కూడా అదే చెప్తుందండీ."

"అయితే చట్టానికి కాస్త బుద్ధుందన్నమాట" అన్నారు.

తర్వాతి కొన్ని నెలలు పరీక్షల కాలం. భద్రత క్లాసు, రాతపరీక్ష, క్లబ్బు సభ్యత్వం, పోలీసులకు దరఖాస్తు. ఈ దేశంలో డాక్టరుగా రిజిస్టరవడానికి రాసిన పరీక్షకు కూడా ఇంత భయపడలేదు. మెట్ల కింద అరలో విందులకు వాడే పెద్ద గిన్నెలుండేవి. వాటిని గరాజ్‌లోకి మార్చి, అక్కడ ఉక్కు బీరువా పెట్టి గోడకు బోల్టులు బిగించాం. బిగించింది మా ఆయనే. తుపాకీ అంటే పడదు గానీ, బీరువా మటుకు భూకంపానికి కూడా కదలకూడదు ఆయనకు.

దాన్ని తనిఖీ చేయడానికి ఇద్దరు పోలీసులు వచ్చారు. ఇద్దరూ బీరువాను పట్టుకుని ఊపి చూశారు. కదల్లేదు. "ఎవరు బిగించారు? చాలా బాగుంది" అని పెద్దాయన మెచ్చుకుంటే మా ఆయన ఇంత పొడుగయ్యారు. వాళ్లు ఇంకా గుమ్మం దాటకముందే ఎదురింటి తెలుగు ఆంటీ ఫోన్.

"అమ్మాయ్, పోలీస్ కారు చూశాను. ఎవ్రీథింగ్ ఓకేనా? మీ అంకుల్‌ని పంపించనా?"

"ఏం లేదాంటీ, రైఫిల్ కొంటున్నాను. బీరువా చూసిపోవడానికొచ్చారు."

 "మంచిదేనమ్మా. మా పెరట్లో పాసమ్‌లు టమాటాలన్నీ తినేస్తున్నాయి" అన్నారు. కాగితం మీదే తప్ప, చెట్లెక్కి తిరిగే ఆ పిల్లంత పాసమ్‌ల మీద పేల్చనని, పేల్చకూడదని ఆవిడకు నచ్చజెప్పేసరికి పావుగంట పట్టింది.

లైసెన్స్ చేతికొచ్చిన వారమే దుకాణానికి వెళ్లాను. కార్ల మెకానిక్ షెడ్ల మధ్య కిటికీలు లేని చిన్న గది. యజమాని గడ్డం పొట్టదాకా ఉంటుంది, గొంతు మాత్రం చంటిపిల్లలకు జోల పాడేంత మెత్తన. నేను ముందే చదువుకుని వెళ్లాను. తెలివైన ఉపాయమే అనుకున్నాను.

"నాకు సెమీ ఆటోమేటిక్ కావాలి. బయటి దేశపు వెబ్‌సైట్‌లో చూశాను. ఒకసారి తూటాలు నింపితే చాలు, ప్రతిసారీ బోల్టు లాగే పని లేదు. నాది ఎడమచేతి వాటం. గడియ తియ్యడమే నా ఇబ్బంది. గడియే లేకపోతే ఇబ్బందే లేదుగా?"

ఆయన నవ్వలేదు. "లాజిక్ బానే ఉంది డాక్. కానీ ఈ దేశంలో అది మీకు అమ్మితే రేపు నేను జైల్లో ఉంటాను. పొలాల మీద బతికే రైతులకు కూడా బోలెడు కారణాలు చూపిస్తే గానీ ఇవ్వరు. క్లబ్బు ఆటకు ఇవ్వనే ఇవ్వరు" అన్నాడు. నా మొహం వాడిపోయిందేమో, వెంటనే, "అయినా మీ ఇబ్బంది గడియ కాదు. అది తప్పు వైపు ఉండటం" అని లోపలికెళ్లి ఒక కేటలాగ్ తెచ్చాడు.

అద్దంలో చూసినట్టున్న బొమ్మ. బోల్టు ఎడమవైపు. ఖాళీ తొడుగులు బయటికి పడే కిటికీ ఎడమవైపు. చెంప ఆనించే చెక్క కూడా ఎడమ చెంప కోసం చెక్కింది.

"ఎడమచేతి వాళ్ల కోసం వేరేగా చేస్తారా?" అని అడిగాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"చేస్తారు. తక్కువ చేస్తారు. తెప్పించాలి, నాలుగు నెలలు పట్టొచ్చు."

కత్తెర, డబ్బా మూత తీసే మర, కాలేజీలో చెక్క పలక ఉన్న కుర్చీ, అన్నీ కుడిచేతి వాళ్లవే. యాభై రెండేళ్లలో నా వాటానికి చేసిన వస్తువు ఒకటి ప్రపంచంలో ఉందని వినడం అదే మొదలు. ఇంకేం ఆలోచించలేదు. ఆర్డర్ ఇచ్చేశాను.

ఆ నాలుగు నెలల్లో ఈ రైఫిల్ కొనుక్కోవచ్చని పోలీసుల పర్మిట్ వచ్చింది. చలికాలం వచ్చి పోయింది. ఆ తర్వాతే టీ గదిలో ఫోన్ మోగింది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగీ దిగగానే దుకాణానికి వెళ్లాను. పెట్టె టేపు కోసే చాకు ఆయన నాకే ఇచ్చాడు. లోపల నురుగు దిండులో పడుకుని ఉంది. ముదురు గోధుమరంగు చెక్క, నల్లటి గొట్టం, కొత్త నూనె వాసన. గొట్టం ఖాళీగా ఉందని ముందు తను చూసి, తర్వాత నాకు చూపించి, చేతికిచ్చాడు. ఎడమ భుజానికి ఎత్తాను. చెంప వెళ్లి తన చోట తాను ఆనింది. ఎడమ చెయ్యి వెతుక్కోకుండానే బోల్టు దొరికింది. ఎత్తి, లాగి, తోసి, దించాను. చిక్, చిక్. మళ్లీ. మళ్లీ. ఎన్నిసార్లు చేశానో, ఆయన కాగితాలన్నీ నింపడం పూర్తిచేసి గడ్డం నిమురుకుంటూ చూస్తున్నాడు.

"అరిగిపోదులెండి, కానివ్వండి" అన్నాడు.

శనివారం వచ్చేలోపు మూడు రోజులు. రోజూ ఇంటికి రాగానే బీరువా తెరిచి ఒకసారి చూసి మూసేదాన్ని. అమ్మాయి, "యూ నెవర్ లుక్డ్ ఎట్ మీ లైక్ దట్, మామ్" అని ఏడిపించింది.

శనివారం పొద్దున రైఫిల్‌ని పెట్టెలో పెట్టి తాళం వేసి, కారు డిక్కీలో పడుకోబెట్టాను. బోల్టు విడిగా, తూటాలు విడిగా. డ్రైవర్ సీట్లోకి ఎక్కబోతుంటే మా ఆయన అప్పటికే పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటున్నారు.

"మీరెక్కడికి?"

"కార్లో కూర్చుంటాను. ఏదైనా అయితే ఎవరో ఒకరుండాలిగా" అన్నారు.

క్లబ్బులో ఆంటీ నా రైఫిల్ చూసి రెండు చేతులూ చొక్కాకు తుడుచుకుని మరీ అందుకున్నారు. "ఓహ్, నువ్వొక అందగత్తెవి" అని దాంతోనే అన్నారు, నాతో కాదు. బల్ల మీద ఇసుక సంచి సర్ది, యాభై మీటర్ల దూరంలో కార్డు పెట్టించి నా పక్కన కూర్చున్నారు. చెవులకు మఫ్లు పెట్టుకున్నాను. కాల్పుల రేంజ్‌ని చూసుకునే అధికారి అనుమతి కేక వేశాడు.

రైఫిల్ మీద బిగించిన స్కోపు గొట్టంలోంచి చూస్తే నల్లటి వృత్తం నా గుండెతో పాటు కదులుతోంది. ఊపిరి పీల్చాను, వదిలాను. వదిలిన తర్వాత మళ్లీ పీల్చేలోపు చిన్న విరామం ఒకటుంటుంది. పేషెంట్ల దగ్గర ఆ విరామాన్ని కొన్ని వేలసార్లు చూసి ఉంటాను. నాలో ఎప్పుడూ చూడలేదు. నల్ల వృత్తం ఆగింది. వేలు దానంతటదే నొక్కింది.

టప్. అంతే, ఆ చిన్న తోపు. బోల్టు లాగాను, ఇత్తడి తొడుగు ఎడమవైపుకు ఎగిరి బల్ల మీద పడింది. మొహానికి అడ్డంగా ఏదీ రాలేదు, చెయ్యి ఎక్కడికీ దాటలేదు. మఫ్లు ఉన్నాయని మర్చిపోయి "అబ్బా!" అని అరిచేశానట. రెండు బల్లల అవతల మనిషి కూడా తిరిగి చూశాడట.

మూడు కాల్చాక ఆంటీ తన దుర్భిణిలో చూశారు. మూడూ కుడివైపు కింద, కార్డు అంచున పడ్డాయి. నాకు ఉత్సాహం చప్పున దిగిపోయింది. మళ్లీ అదేనా అనుకున్నాను.

"మొహం అలా పెట్టకు. ఎక్కడ పడ్డాయో చూడకు, ఎలా పడ్డాయో చూడు" అని దుర్భిణి నా వైపు తిప్పారు. మూడు చిల్లులూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, మూడింటినీ ఒక్క రూపాయి బిళ్లతో కప్పెయ్యొచ్చు. "గుంపుని జరపడం స్క్రూ పని. గుంపు కట్టడం మనిషి పని. నీ పని అయిపోయింది" అని స్కోపు మీది చక్రాలు పైకి ఇన్ని, ఎడమకి ఇన్ని అని లెక్క చెప్పి నా చేతే తిప్పించారు. కిటకిటమని చప్పుడు. తర్వాతి తూటా నల్ల వృత్తం మధ్యలోకి దూరింది.

ఎవరో భుజం తట్టారు. వెనక, చూసేవాళ్లు నిలబడే గీత దగ్గర మా ఆయన! క్లబ్బు వాళ్లిచ్చిన పెద్ద మఫ్ల మీద మళ్లీ రెండు అరచేతులూ నొక్కిపెట్టుకుని నిలబడ్డారు. తట్టింది నర్సు, ఆయన్ను చూపించడానికి. కార్లో కూర్చోలేక వచ్చేశారట. ఆంటీ ఆయన్ను పిలిచి దుర్భిణి ముందు కూర్చోబెట్టారు. "నీ భార్య కాలుస్తుంది. ఎక్కడ పడిందో నువ్వు చెప్పు" అని పని అప్పగించారు.

ఇక కొత్త కార్డు. పది తూటాలు, లెక్కకు. మొదటిది పేలినప్పుడు ఆయన ఉలిక్కిపడటం బల్ల ద్వారా నాకు తెలిసింది. రెండోదానికి కాస్త తగ్గింది. నాలుగోదానికి మాట వచ్చింది. "తొమ్మిది!" అయిదోది, "పదోయ్! పది!" ఆయన గొంతు నాకంటే పెద్దదైపోయింది. తొమ్మిదో తూటా మళ్లీ పది. ఆగలేక తలెత్తి ఆయన మొహం చూశాను. పెళ్లిచూపుల్లో కూడా అంతలా నవ్వలేదు ఆ మనిషి. మళ్లీ చెంప ఆనించి, ఊపిరి వదిలి, పదోది కాల్చాను. అన్నిటికంటే మెత్తగా వెళ్లిన తూటా అది. నడిమధ్యన పడిందని నాకు తెలిసిపోయింది.

ఆయన దుర్భిణి అటూ ఇటూ తిప్పుతున్నారు.

"ఎంతండీ?"

"పడలేదు. కార్డు మీద ఎక్కడా లేదు" అన్నారు ఆయన బిక్కమొహంతో.

రేంజ్ మూసి, రైఫిళ్లన్నీ ఖాళీ చేశాక కార్డులు తేవడానికి నడిచాం. నా కార్డు మీద తొమ్మిది చిల్లులే ఉన్నాయి. పక్క బల్ల మీద కాల్చినాయన, లారీ డ్రైవరట, తన కార్డు పట్టుకుని తల గోక్కుంటున్నాడు. ఆయన కాల్చింది పది, చిల్లులు పదకొండు. పదకొండోది సరిగ్గా నడిమధ్యన, వృత్తలేఖిని మొనతో గుచ్చినట్టుంది.

ఆంటీ రెండు కార్డులూ చూసి, "ఇవాళ ఇక్కడ పడిన అన్నిట్లోకీ అందమైన పది, లవ్. పాపం, ఆయనది" అన్నారు. మా ఆయన్ను చూడటానికి తలెత్తి, తిరిగి చెంప ఆనించినప్పుడు పక్క కార్డు మీదకు గురి పెట్టేశాను. నవ్వడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. లారీ డ్రైవరూ నవ్వాడు, తన కార్డు మీద ఆ చిల్లు చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి, "ఇది డాక్టరుగారి బహుమతి" అని రాసి దాచుకున్నాడు. నా లెక్క వందకు ఎనభై నాలుగు. పదోది సున్నా.

గుంటూరు రోజుల్లో సున్నా వచ్చిందంటే ఆ రాత్రి అన్నం సహించేది కాదు. ఆ మధ్యాహ్నం క్లబ్బు వరండాలో నర్సు కాల్చిన సాసేజ్ శాండ్‌విచ్‌లు రెండు తిన్నాను. మా ఆయనకు మాంసం పడదు. ఉల్లిపాయలు పెట్టిన బ్రెడ్డు తింటూ, గాలి వీచినప్పుడు తూటా ఎంత పక్కకు పోతుందని ఆంటీని ప్రశ్నల మీద ప్రశ్నలు అడుగుతున్నారు.

తిరుగు ప్రయాణంలో ఆ పదో తూటా సంగతి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. ఊపిరి ఎక్కడ ఆగింది, వేలు ఎలా నొక్కింది, అన్నీ.

"ఇది నాలుగోసారి చెప్పడం. నేనక్కడే ఉన్నానోయ్" అన్నారు.

"మీరు చూసింది నా కార్డు. తూటా పడింది అక్కడ కాదుగా" అని అయిదోసారి చెప్పాను. కెల్లీవిల్ మలుపు వచ్చేదాకా విన్నారు.